సీసాకు పదిమంది

గవరయ్య చేతిమీదుగా ఐదేళ్లలో ఒక్క టీకా చుక్క కూడా వృథా కాలేదు. ఇది ఆయన చెప్పుకున్న గొప్ప కాదు, ప్రభుత్వమే రాసిచ్చింది. వ్యాక్సిన్ ఫ్రిజ్ పైన గోడకి నాలుగు ప్రశంసాపత్రాలు వరసగా వేలాడుతుంటాయి. ప్రతిదాని మీదా ఆయన పేరు, కింద పెద్ద ఆఫీసరు సంతకం, మధ్యలో బంగారు రంగులో 'వృథా శాతం: సున్నా'. ఐదో పత్రం వస్తే దానితోపాటు షీల్డు కూడా ఇస్తారట. పోర్ట్ బ్లెయిర్‌లో, వేదిక మీద, శాలువా కప్పి మరీ. ఆ శాలువా ఏ రంగులో ఉంటుందో గవరయ్య అప్పుడే ఊహించుకోవడం మొదలుపెట్టాడు.

రంగత్ నుంచి ట్రంక్ రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు పోయి, పక్కకి తిరిగి వక్కతోటల మధ్యనుంచి ఇంకో నాలుగు పోతే ఆ ఆసుపత్రి వస్తుంది. ఊరి పేరెందుకు లెండి, ఉన్న నలుగురూ నొచ్చుకుంటారు. ఆరు మంచాలు, ఒక ల్యాబ్ గది, ఒక అంబులెన్సు, ఒక మందుల స్టోరు. ఆ స్టోరుకి ఫార్మసిస్టు గవరయ్య. డాక్టర్లు సముద్రం అవతల నుంచి ఓడలోనో విమానంలోనో వస్తారు, ఆర్నెల్లు సముద్రాన్ని మెచ్చుకుంటారు, ఏడో నెల బదిలీకి దరఖాస్తు పెడతారు. గవరయ్య మాత్రం ఈ దీవిలోనే పుట్టి, ఈ దీవిలోనే చదివి, ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. అందుచేత ఆసుపత్రి ప్రభుత్వానిదే అయినా ఫ్రిజ్ మాత్రం గవరయ్యదే. దాని తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది.

సున్నా సాధించడం అంత తేలికైన పనేం కాదు. దానికి బుర్ర ఉండాలి. పెద్దవాళ్లకి వేసే హెపటైటిస్ బి మందు పది డోసుల సీసాల్లో వస్తుంది. సీసా తెరిచి ఏడుగురికి వేసి మిగతాది పారేస్తే, ఆ మూడు డోసులూ నెలవారీ ఫారంలో 'వృథా' గడిలో పడతాయి. అదే సీసాని అసలు తెరవకుండా ఫ్రిజ్‌లో దాచి, గడువు తీరాక పోర్ట్ బ్లెయిర్‌కి తిప్పి పంపిస్తే, పదికి పది డోసులూ 'వాపసు' గడిలో పడతాయి. వాపసుకి శాతం కట్టే అలవాటు పైన ఎవరికీ లేదు. ఈ సంగతి కనిపెట్టిన రోజు నుంచి గవరయ్య సీసా తెరవడమే మానేశాడు. పదిమంది ఒకేసారి వస్తేనే తెరుస్తానని కూర్చున్నాడు. పిల్లల టీకాలకి ఈ చిక్కు లేదు, తల్లులు గుంపులుగా వస్తారు. స్టాఫుతోనే వచ్చింది. టీకా పడవలసిన స్టాఫు మొత్తం ఏడుగురు. గవరయ్య ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడుగురే తేలారు.

తెరిచిన సీసాని చల్లగా, శుభ్రంగా ఉంచితే నాలుగు వారాలదాకా వాడుకోవచ్చని పైనుంచి సర్క్యులర్ కూడా వచ్చింది. గవరయ్య దాన్ని చదివాడు, సంతకం పెట్టాడు, ఫైల్లో పెట్టాడు. ఇంతా చేశాక మళ్లీ దాన్ని పాటించడం కూడానా అని ఆయన ఉద్దేశం. పైగా కరెంటు రోజుకి మూడుసార్లు పోయే ఊళ్లో తెరిచిన సీసాకి ఎవడు జవాబుదారీ అని ఆయన అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. తెరవని సీసాకి మాత్రం ఆ కరెంటు ఎలా సరిపోతోందని ఎవరూ తిరిగి అడగలేదు.

నర్సు సుష్మ తొమ్మిది నెలల కిందట ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆయన దగ్గరకి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో పుట్టి పెరిగిన పిల్ల, నోరు ఊరుకోదు.

"భయ్యా, నాకు హెపటైటిస్ టీకా పడాలి. కాలేజీలో ఒకటే డోసు ఇచ్చారు. బాకీ రెండూ డ్యూటీలో చేరాక పూరా చేస్కోమన్నారు."

"జరూర్ సిస్టర్. ఇంకో తొమ్మిదిమందిని పట్టుకురా, సీసా అభీ ఖోల్ దేతా హూఁ."

"మనం ఉన్నదే ఏడుగురం కదా భయ్యా."

"మరి నన్నేం చెయ్యమంటావు? పోస్టులు పెంచమని సర్కారుకి రాయి."

సుష్మ సర్కారుకి రాయలేదు గాని, అప్పటినుంచి ఇంజెక్షన్ చేసిన ప్రతిసారీ మనసులో గవరయ్యని తలుచుకుంటూ వచ్చింది. ఆ తలుచుకోవడం ఎలాంటిదో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆ పొదుపు టీకాలతోనే ఆగలేదు. వాడిన సూదులు వెయ్యడానికి గట్టి తెల్లడబ్బాలు వస్తాయి, గుచ్చుకోకుండా. వాటిని గవరయ్య మూడు నెలలకి ఒకటి చొప్పున విడుదల చేసేవాడు. స్టాకు నిండుగా కనిపించాలి కదా. వార్డులో డబ్బా నిండిపోతే సూదులు సెలైన్ అట్టపెట్టెలోకి, ఆ పెట్టె చిరిగితే మామూలు ప్లాస్టిక్ సంచిలోకి వెళ్లేవి. ఆ సంచుల్ని రోజూ సాయంత్రం వెనక ఉన్న గుంట దగ్గరకి మోసే మనిషి యర్రమ్మ. నలభై ఏళ్లుంటాయి, పన్నెండేళ్లుగా ఆ ఆసుపత్రి తుడుస్తోంది, ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి. ఆవిడ చేతులు ఎలా ఉన్నాయో చూడాల్సిన పని అప్పటిదాకా ఎవరికీ పడలేదు.

ఇంతలో కొత్త డాక్టరు మధులత వచ్చింది. నెల్లూరు నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంకా సముద్రాన్ని మెచ్చుకోవడం కూడా మొదలుపెట్టలేదు. ఒక మంగళవారం పొద్దున్న గవరయ్య రాసే ఆసుపత్రి చెత్త రిజిస్టర్ తెప్పించుకుని చూసింది. ఏడాది పొడుగునా ప్రతిరోజూ ఎర్రసంచి చెత్త రెండు కిలోలు. డెంగీ వచ్చి వార్డు కిక్కిరిసిన నెలలోనూ రెండే, తుఫానుకి రోడ్డు మూసుకుపోయి ఒక్క రోగీ రాని వారంలోనూ రెండే.

"గవరయ్య గారూ, ఇవాళ్టి నుంచి నిజంగా తూచి రాయండి," అంది.

ఉద్యోగంలో అంత మొరటు మాట గవరయ్య ఎప్పుడూ వినలేదు. అయినా షీల్డు రావలసిన ఏడాది, డాక్టరుతో పేచీ ఎందుకని కాటా పట్టుకుని వెనక షెడ్డుకి వెళ్లాడు. యర్రమ్మ ఆ సమయానికి వార్డు కడుగుతోంది. ఆవిడ వచ్చేదాకా ఆగితే సరిపోయేది. ఆయనే సంచి ఎత్తి, కింద అరచెయ్యి ఆనించి, కాటా కొక్కేనికి తగిలించబోయాడు. సంచిలోంచి సూది ఒకటి బయటకొచ్చి ఆయన బొటనవేలి కండలోకి సూటిగా దిగింది.

ఆ సంచిలోవి ముందురోజు రాత్రి వార్డు సూదులు. వార్డులో కామెర్లతో పడుకున్న మనిషికి హెపటైటిస్ బి ఉందని ల్యాబ్ టెక్నీషియన్ ఉమేష్ ముందురోజే తేల్చాడు. ఆ సంగతి గవరయ్యకి తెలుసు. రిపోర్టు ఫైల్లో పెట్టింది ఆయనే.

డాక్టరు ముందుగా ఆయన వేలు సబ్బుతో, ధారగా నీళ్లతో కడిగించింది. తర్వాత ఉమేష్ చేత రక్తం తీయించి కార్డు మీద పరీక్ష చేయించింది. ఒక గీత వస్తే జబ్బు లేదు, రెండు గీతలు వస్తే ఉంది. ఆ ఇరవై నిమిషాలూ గవరయ్య తలప్రాణం తోకకొచ్చింది. పెళ్లిచూపుల నాడు కూడా ఆయన అంత చెమట పట్టి ఉండడు. ఒక గీతే వచ్చింది.

"ఇప్పటివరకు మీకు లేదు," అంది డాక్టరు. "ఇకముందు రాకుండా చూసుకోవాలి. టీకా మొదటి డోసు ఈ రోజే పడాలి. దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అని ఇంకో ఇంజెక్షన్ ఉంది, పోర్ట్ బ్లెయిర్‌కి ఫోన్ చేశాను, రేపు పొద్దున్న అడవి దాటే బస్సుల కాన్వాయ్‌లో పంపిస్తారు. టీకాలు ఎన్ని పడ్డాయి మీకు?"

"ఒక్కటీ పడలేదు మేడమ్."

"ఇరవై రెండేళ్ల సర్వీసులోనా? ఫ్రిజ్ మీ దగ్గరే కదా ఉంది."

టీకాలు కాపలా కాసేవాడు వాటిని వాడుకుంటే బాగుండదని ఆయన అనుకున్నట్టుంది.

"సరే, సీసా తియ్యండి," అంది డాక్టరు.

ఇక్కడే వచ్చింది అసలు ఇబ్బంది. గవరయ్యకి కాలేయం కావాలి. అందులో సందేహం లేదు, యాభై నాలుగేళ్లుగా వాడుతున్న సొంత కాలేయం. కానీ సున్నా కూడా కావాలి. ఒక్కడి కోసం సీసా తెరిస్తే తొమ్మిది డోసులు వృథా గడిలో కూర్చుంటాయి. గోడ మీది నాలుగు పత్రాలూ నవ్వుతాయి. శాలువా ఎవడో మాయాబందర్ ఫార్మసిస్టు భుజాల మీదికి పోతుంది. నాలుగు వారాల సర్క్యులర్ ఆ క్షణాన గుర్తొస్తే బాగుండేది గాని, ఫైల్లో పెట్టినవి ఆయనకి గుర్తుండవు.

"మేడమ్, నాలుగింటిదాకా టైమివ్వండి. పదిమందిని పట్టుకొస్తాను."

మనిషికి భయం వల్ల మతి పోయిందా, ముందునుంచీ అంతేనా అని మధులత తేల్చుకోలేకపోయింది. "నాలుగంటే నాలుగే. తర్వాత ఒక్కరున్నా సీసా తెరుస్తాను," అంది.

ముందు స్టాఫుని పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఐదేళ్లుగా ఆయన వెనక్కి పంపినవాళ్లే కాబట్టి అందరూ ఎంతో ప్రేమగా పలకరించారు. సుష్మ అయితే కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఎంతమంది అయ్యారు భయ్యా? పది లేకపోతే ఎలా? పోస్టులు పెంచమని సర్కారుకి రాయకపోయారా?"

"మజాక్ చెయ్యకమ్మా. ప్రాణం మీదికొచ్చింది."

"మాకు రోజూ ప్రాణం మీదికే వస్తోంది భయ్యా. మీకు ఇవాళ మొదటిసారి వచ్చింది, అంతే ఫరక్." అని మళ్లీ తనే జాలిపడింది. "టీక్ హై, వస్తాను. నాకూ పడాలిగా."

ఉమేష్ దగ్గర ఇంకో రకం కష్టం వచ్చింది. పన్నెండేళ్లుగా రక్తంతో దోస్తీ చేస్తున్న తనని రక్తం ఏమీ చెయ్యదని అతని నమ్మకం. అదే నమ్మకాన్ని ఇన్నాళ్లూ గవరయ్యే మెచ్చుకుంటూ, భుజం తట్టి పంపిస్తూ వచ్చాడు. ఇప్పుడు అతని ఎదురుగా నిలబడి, దోస్తీ లేదు ఏమీ లేదు, ఈ జబ్బు ముదిరితే కాలేయం రాయైపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఇంట్లో ఆడవాళ్లకి కూడా అంటుతుంది అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆరోగ్య ప్రచారం కోసం పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చే ఏ ఆఫీసరూ అంత చక్కగా చెప్పలేదు. ఉమేష్ ముఖం పాలిపోయి చొక్కా చెయ్యి పైకి మడిచేశాడు. గ్రామాల్లో తిరిగే నర్సు ఎరుకమ్మ, కట్లు కట్టే ఆయన, గుమస్తా, హెల్త్ ఇన్‌స్పెక్టరు కూడా ఒప్పుకున్నారు. డాక్టరుకి ఎప్పుడో మూడు డోసులూ అయిపోయాయి కాబట్టి ఆమె లెక్కలోకి రాదు. గవరయ్యతో కలిపి ఏడుగురు. ఎప్పటి ఏడుగురే.

ఇంకా ముగ్గురు కావాలి. గవరయ్య కట్టు కట్టిన బొటనవేలు పైకి లేపుకుని స్కూటర్ ఎక్కి బజారుకి పోయాడు. స్టాఫు కానివాళ్లకి ఈ మందు వెయ్యకూడదన్న నిబంధన, ఐదేళ్లు నోటికొచ్చిన నిబంధన, ఆ పూట ఎందుకో ఆయనకి గుర్తు రాలేదు.

బంగారురాజుకి ఇనపసామాన్ల కొట్టుంది. వాళ్ల నాన్న అనకాపల్లి నుంచి వచ్చి పెట్టిన కొట్టు. గవరయ్య చెప్పిందంతా బంగారురాజు మేకులు తూస్తూనే విన్నాడు.

"ఇంజెక్షన్‌కి ఎంతవుద్ది భయ్యా?"

"ఫ్రీ."

"అయితే నాకొద్దు. మా కొట్టులో ఫ్రీగా ఇచ్చేది తుప్పు పట్టిన సరుకే."

"అది కాదు బంగార్రాజూ, బయట వేయించుకుంటే మూడు డోసులూ కొనుక్కోవాలి."

"కొనుక్కునే సరుకైతే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? నాలుగేళ్ల కిందట మా బావమరిది కామెర్లతో పోయాడు. అప్పుడు మందుల కోసం మీ దగ్గరికే వచ్చాను."

గవరయ్య స్కూటర్ ఎక్కి ముందుకి కదిలాడు. టీ కొట్టు తాతమ్మ, ఇవాళ మంగళవారం, మంగళవారం ఒంట్లో ఇనుము దిగనివ్వను, రేపు రా బాబూ అని టీ మాత్రం ఇచ్చింది. స్కూలు మాస్టారు పైనుంచి లెటర్ ఉందా అన్నాడు. పంచాయతీ మెంబరు, నాకొక్కడికే వేస్తే ఊరందరికీ ఎందుకు వెయ్యలేదని ఎలక్షన్లో అడుగుతారని చల్లగా జారుకున్నాడు. కాళ్లకి బలపాలు కట్టుకుని రెండు గంటలు తిరిగినా ఒక్కడూ దొరకలేదు. రోగం గురించి అంతమందికి అంత వివరంగా చెప్పడం మాత్రం ఆయన సర్వీసులో అదే మొదలు, అందుకు ఏ పత్రమూ ఇవ్వరు.

మూడూ నలభైకి తిరిగొచ్చి ఆసుపత్రి వరండాలో కూలబడ్డాడు. బెంచీ మీద ఆరుగురూ చొక్కాల చేతులు మడిచి కూర్చున్నారు. యర్రమ్మ మాప్ పిండుతూ ఆయన్ని చూసింది.

"ఏటైంది భయ్యా, మొహం అలాగైపోనాది?"

"ఏం లేదు యర్రమ్మా. పదిమంది కావాలి, ముగ్గురు తక్కువ."

యర్రమ్మ మాప్ గోడకి ఆనించింది. "ముగ్గురే గదా. నానున్నాను, గుంట కాడ మల్లేశు ఉన్నాడు, అంబులెన్సుకి బాబ్జీ ఉన్నాడు. అయిపోనాది గదా."

"మీరు కాంట్రాక్టు కదమ్మా. ఇది స్టాఫుకి."

"మరి బంగార్రాజుగారు స్టాఫేటి? తాతమ్మ స్టాఫేటి? ఆళ్లని అడిగొచ్చేరంట గదా. బాబ్జీ సూసేడు."

బెంచీ మీద ఎవరో గట్టిగా దగ్గారు. సుష్మ తల పక్కకి తిప్పుకుని నవ్వింది.

డాక్టరు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "గవరయ్య గారూ, ఈ ముగ్గురినీ ఇన్నాళ్లూ మీరు లెక్కపెట్టలేదా?"

"వాళ్ల పేర్లు మన రిజిస్టర్‌లో ఉండవు మేడమ్. ఏజెన్సీ రిజిస్టర్‌లో ఉంటాయి."

"సంచుల్లో సూదులు ఏ రిజిస్టర్ చూసి గుచ్చుకుంటాయి?"

ఏడుకి మూడు కలిపితే పది. ఒకటో తరగతి పిల్లాడు చేసే కూడిక. ఐదేళ్లుగా పదిమంది రోజూ ఆ ఫ్రిజ్ ముందునుంచే నడిచారు. యర్రమ్మ అయితే వారానికోసారి దాన్ని జరిపించి కింద తుడిచింది కూడా. పది పూర్తి కాలేదని వాపసు పోయిన సీసాల్లో ఎన్ని డోసులున్నాయో గవరయ్య లెక్క వెయ్యబోయి, మధ్యలో ఆపేశాడు. ఆయనకి మొదటిసారి సిగ్గేసింది.

అయినా పది పూర్తయింది కదా అన్న సంతోషం సిగ్గుని కాస్త పక్కకి నెట్టింది. ఒకే దెబ్బకి కాలేయమూ దక్కింది, సున్నా కూడా దక్కింది. మొలతాడు తాళంచెవితో ఫ్రిజ్ తెరిచి సీసాని రెండు చేతులతో తెచ్చి సుష్మకి అందించాడు.

"ఇదివరకు సూది గుచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని డాక్టరు అడిగింది.

ఒకసారి గుచ్చుకుందని సుష్మ చెప్పింది. ఉమేష్ గుర్తులేదన్నాడు. యర్రమ్మ రెండు అరచేతులూ చాపి చూపించింది. నల్లటి చిన్న చిన్న మచ్చలు, వేళ్ల మొదళ్లలో, అరచేతి అంచున.

"ఎన్నిసార్లు యర్రమ్మా?"

"లెక్కెట్టుకోనేదమ్మా. నెలకి రొండు మూడుసార్లు. రోగులు ఎక్కువొచ్చిన నెల ఇంకా ఎక్కువ."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పేను. భయ్యా పసుపు రాసుకోమన్నాడు. రాసుకున్నాను."

గవరయ్య కట్టు కట్టిన తన వేలిని జేబులో పెట్టుకున్నాడు.

డాక్టరు తొమ్మిదిమందికీ కార్డు పరీక్ష చెయ్యమని ఉమేష్‌కి చెప్పింది. పరీక్షలు అవుతుండగానే టీకాలు మొదలుపెట్టింది, ఆ మందు ఎవరికి పడినా చెరుపు చెయ్యదు కాబట్టి. మొదటి డోసు గవరయ్యకి. ఇరవై రెండేళ్లు ఇంజెక్షన్ల మధ్య బతికిన మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత సుష్మ, ఎరుకమ్మ, మిగతావాళ్లు. గుంట దగ్గర్నుంచి మల్లేశు చేతులు కడుక్కుని వచ్చాడు. బాబ్జీ అంబులెన్సు తాళాలు నోట్లో పట్టుకుని వేయించుకున్నాడు. చివర యర్రమ్మ. ముందు చేతులు కడుక్కొస్తాను అని వెళ్లి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, తడి తుడుచుకుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని స్టూలు మీద కూర్చుంది. వరస నిలబడినప్పుడు ఆవిడ అందరికన్నా వెనకే నిలబడింది, ఎవరూ నిలబడమనకుండానే.

సుష్మ సీసాలో సూది గుచ్చబోతుండగా ఉమేష్ ల్యాబ్ గది నుంచి వచ్చాడు. ట్రేలో తొమ్మిది కార్డులు ఉన్నాయి. ఎనిమిది ట్రేలోనే ఉంచి తొమ్మిదోది డాక్టరు చేతికి ఇచ్చాడు. డాక్టరు దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. రెండు గీతలు, రెండూ చక్కగా, ఎర్రగా.

"సుష్మా, ఆగు," అంది.

యర్రమ్మ చెయ్యి చాపుకునే ఉంది. "ఏటైందమ్మా?"

మధులత ఇంకో స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. మెల్లగా, తేలిక మాటల్లో చెప్పింది. ఒంట్లో ఆ జబ్బు ఇప్పటికే ఉందని. అందరికీ ముదరదని, ముదిరినా మందులున్నాయని. ఈ వారమే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లి పరీక్షలన్నీ తనే దగ్గరుండి చేయిస్తానని. ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలు చేసి టీకాలు వేద్దామని. యర్రమ్మ అన్నిటికీ తలూపింది.

"మరి ఈ సూది?"

"ఇది ఇక నీకు పనిచెయ్యదు యర్రమ్మా. రాకముందు వేయించుకోవాల్సింది."

"ఎప్పుడొచ్చిందో తెలస్తాదా?"

"తెలియదు."

"మూడేళ్ల కిందట నాను అడిగేను. అప్పుడు ఏసుంటే?"

అబద్ధం చెప్పడం డాక్టరుకి చేతకాలేదు. "అప్పటికి రాకుండా ఉంటే, ఇక వచ్చేది కాదు," అంది.

యర్రమ్మ గవరయ్య వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. తిట్టినా బాగుండేది. మూడేళ్ల కిందట ఆవిడ అడిగిన రోజు ఆయనకి బాగా గుర్తుంది. వర్షం పడుతోంది, ఆయన నెలవారీ ఫారం నింపుతున్నాడు, తలెత్తకుండానే నువ్వు కాంట్రాక్టు కదా అన్నాడు. ఆ రోజు ఫ్రిజ్‌లో మూడు సీసాలున్నాయి. మూడూ వాపసు పోయాయి. అందరి ముందూ ఏడవకుండా ఉండటానికి గవరయ్య స్టోరు గుమ్మం వైపు తిరిగాడు. లోపల గోడ మీద పత్రాలే ఉన్నాయి.

యర్రమ్మ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని లేచింది. సుష్మ కళ్లు తుడుచుకుంటూ సీసా మీద తేదీ రాసింది. పదో డోసు అందులోనే ఉండిపోయింది. నాలుగు వారాలదాకా నిలవ ఉంటుందని సర్క్యులర్ ఉంది కదా, ఈలోగా ఎవరో ఒకరు దొరుకుతారు. ఆ నెల ఫారంలో కూడా గవరయ్య సున్నా చెక్కుచెదరలేదు. షీల్డు ఆయనకే వస్తుంది, అందులో అనుమానం అక్కర్లేదు.

ఐదు గంటలైంది. సంచులు గుంట దగ్గరకి పోయే వేళ. యర్రమ్మ అలవాటు ప్రకారం షెడ్డులోకి వెళ్లింది. గవరయ్య ఆవిడ వెనకాలే దాదాపు పరుగెత్తి, ఆవిడకన్నా ముందు ఎర్రసంచి మీద చెయ్యి వేశాడు.

"ఉండు యర్రమ్మా. ఇవాళ్టి నుంచి నేను మోస్తాను."

యర్రమ్మ ఆయన చెయ్యి మెల్లగా తప్పించి సంచి తీసుకుంది.

"మీరొద్దు భయ్యా, గుచ్చుకుంటాది. మీకు ఇంకా రొండు డోసులు పడాల. నాకింకేటౌద్ది."

సంచిని ముడి దగ్గర పట్టుకుని, ఒంటికి దూరంగా పెట్టుకుని, గుంట వైపు నడిచింది.